పర్యవేక్షణలో తొలి అడుగులు: సైకాలజీ ఇంటర్న్‌షిప్ చరిత్ర

సైకాలజీ విద్యార్థి ఆసుపత్రిలోనో, ఎదుగుదల లోపాలున్న పిల్లల సంస్థలోనో, కౌన్సెలింగ్ కేంద్రంలోనో నిర్ణీత కాలం ఉండి, అనుభవం గల మనస్తత్వవేత్త పర్యవేక్షణలో బాధలో ఉన్న మనుషులతో పని చేయడమే పర్యవేక్షిత ఇంటర్న్‌షిప్. వైద్య విద్యలో ఇలాంటి శిక్షణ చాలా పాతది. సైకాలజీలో దాని వయసు నూటపాతికేళ్ళ లోపే. ఈ చిన్న చరిత్రలో అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: విద్యార్థి చేసిన పనికి ఎవరు బాధ్యులు? వార్డు, పరీక్షల పెట్టె, సర్టిఫికెట్ అన్నీ ఉన్నా, ఆ బాధ్యత మోసే మనిషి లేని చోట ఇంటర్న్‌షిప్ జరగనట్టే. ఆ మనిషి ఎప్పుడు, ఎలా వచ్చాడన్నదే ఈ చరిత్రలో ముఖ్యమైన కథ.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల స్థాపించిన నాటికి సైకాలజీకి రోగులతో పని లేదు. వెలుగు, శబ్దం వంటి ప్రేరణలకు మనిషి ఎంత వేగంగా స్పందిస్తాడు, తనలో కలిగిన అనుభూతిని ఎలా వర్ణిస్తాడు అన్నవే అక్కడి ప్రశ్నలు. ప్రయోగానికి కూర్చునేవాడు చాలాసార్లు తోటి విద్యార్థే. పొరపాటు జరిగితే ప్రయోగం మళ్ళీ చేసుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. అటువంటి చదువుకు ఆసుపత్రి శిక్షణ అవసరమన్న ఆలోచన రావడానికి కారణమే కనబడదు.

ఆ ఆలోచన వుంట్ శిష్యుడి దగ్గరే మొదలైంది. లైప్‌జిగ్‌లో డాక్టరేట్ చేసి అమెరికా తిరిగివచ్చిన లైట్నర్ విట్మర్, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బోధిస్తుండేవాడు. ఆయన తరగతిలో కూర్చునేవారిలో బడి పంతుళ్ళు కూడా ఉండేవారు. 1896 మార్చిలో వారిలో ఒకరైన మార్గరెట్ మాగ్వైర్, స్పెల్లింగు ఎంతకీ పట్టుబడని తన విద్యార్థిని ఆయన దగ్గరకు తీసుకొచ్చింది. మనసు గురించిన శాస్త్రం నిజంగా శాస్త్రమైతే ఈ పిల్లవాడికి ఉపయోగపడాలి కదా అన్నది ఆమె తీసుకొచ్చిన కేసులో దాగి ఉన్న ప్రశ్న. విట్మర్ ఆ కుర్రవాణ్ణి పరీక్షించి చూపులో లోపం ఉందని గుర్తించాడు. కళ్ళద్దాలతో పాటు ప్రత్యేక బోధన కూడా ఏర్పాటు చేశారు. ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్ అలా ప్రారంభమైంది. 1907లో విట్మర్ 'ది సైకలాజికల్ క్లినిక్' అనే పత్రిక మొదలుపెట్టి, క్లినికల్ సైకాలజీ అనే కొత్త వృత్తిని ప్రతిపాదించాడు.

ఆ క్లినిక్‌ను విట్మర్ చికిత్సా కేంద్రంగానే కాకుండా తరగతి గదిగా కూడా వాడాడు. పిల్లవాణ్ణి పరీక్షిస్తుంటే విద్యార్థులు చూసేవారు, తర్వాత తామూ చేసేవారు. వైద్య కళాశాలల్లో రోగి మంచం పక్కన జరిగే బోధననే ఆయన సైకాలజీకి తెచ్చాడు. అయితే ఇదంతా విశ్వవిద్యాలయం గోడల మధ్యనే జరిగేది. విద్యార్థి సాయంత్రానికి తన గదికి వెళ్ళిపోయేవాడు. తరగతులు పక్కన పెట్టి కొన్నాళ్ళు రోగుల మధ్యే ఉండి నేర్చుకోవడం అన్నది ఇంకా రావలసి ఉంది.

అది న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లో వచ్చింది. బుద్ధి వికాసం తక్కువగా ఉన్న పిల్లల కోసం నడుస్తున్న శిక్షణ పాఠశాల అది. 1906లో అక్కడ ప్రయోగశాల అధిపతిగా చేరిన హెన్రీ గోడార్డ్ 1908లో విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకోవడం ప్రారంభించాడు. క్లినికల్ సైకాలజీలో తొలి ఇంటర్న్‌షిప్‌గా చరిత్రకారులు దీన్నే చెబుతారు. అదే ఏడాది యూరప్ వెళ్ళిన గోడార్డ్, ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ తయారు చేసిన బుద్ధి పరీక్షను తీసుకొచ్చి ఇంగ్లిషులోకి అనువదించాడు. అప్పటిదాకా పిల్లవాడి స్థాయిని అంచనా వేయాలంటే ఏళ్ళ తరబడి దగ్గరుండి చూసిన పంతులు మాటే ఆధారం. ఇప్పుడు కొద్ది గంటల్లో ఒక అంకె వచ్చేస్తుంది. ఆ పరీక్ష పెట్టడం నేర్చుకోవడమే తొలి ఇంటర్న్‌ల ముఖ్యమైన పని.

వైన్‌లాండ్ చరిత్రలో చీకటి కోణం ఉంది, దాన్ని దాచకూడదు. మందబుద్ధి పూర్తిగా వంశపారంపర్యమని నమ్మిన గోడార్డ్, 1912లో 'కల్లికాక్ కుటుంబం' అనే పుస్తకం రాశాడు. తక్కువ బుద్ధి ఉన్నవారు పిల్లల్ని కనకుండా చూడాలనే వాదానికి అది బలమైన ఆయుధమైంది. అందులోని ఆధారాలు నిలబడేవి కావని తరువాతి కాలపు పరిశోధకులు తేల్చారు. అక్కడ శిక్షణ పొందిన విద్యార్థులు పరీక్ష పెట్టడం శ్రద్ధగానే నేర్చుకున్నారు. ఆ అంకెకు అంత అధికారం ఎక్కడిదని అడగడం మాత్రం నేర్పలేదు, ఎందుకంటే నేర్పవలసిన గురువుకే ఆ సందేహం లేదు. పర్యవేక్షకుడి నమ్మకాలు నైపుణ్యంతో పాటే శిష్యుడికి అందుతాయన్న సంగతి ఈ వృత్తి తొలి రోజుల్లోనే రుజువైంది.

వైన్‌లాండ్ పేరు మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది. గోడార్డ్ తరవాతి తరంలో అక్కడ పరిశోధన నడిపిన ఎడ్గర్ డాల్, 1935లో 'వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్' రూపొందించాడు. పిల్లవాడు తనంతట తాను అన్నం తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, వీధి దాటగలడా అని తల్లిదండ్రుల్ని అడిగి సామాజిక పరిపక్వతను అంచనా వేసే పద్ధతి ఇది. నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ దీన్ని భారతదేశానికి అనువుగా మార్చాడు. 89 అంశాలున్న ఆ రూపమే వి.ఎస్.ఎం.ఎస్. పేరుతో చెలామణీలో ఉంది. ఒక పిల్లవాడికి అంగవైకల్య ధ్రువపత్రం కావాలని హైదరాబాద్‌లో తల్లి వరుసలో నిలబడినప్పుడు, ఆమెను ట్రైనీ అడిగే ప్రశ్నలకు మూలం తొలి ఇంటర్న్‌షిప్ జరిగిన చోటే. బినే పరీక్షను ఇక్కడి పిల్లలకు తగినట్టు మార్చినవాడు ధార్వాడ్‌కు చెందిన వి.వి. కామత్. బినే–కామత్ పరీక్ష కూడా దశాబ్దాలుగా ట్రైనీల సంచిలో ఉంది.

వైన్‌లాండ్ తరవాత ఇంటర్న్‌షిప్ కోర్టుకూ ఆసుపత్రికీ పాకింది. 1909లో షికాగోలో బాలనేరస్థుల కోర్టుకు అనుబంధంగా విలియం హీలీ నెలకొల్పిన సంస్థలో మానసిక వైద్యుడు, మనస్తత్వవేత్త, సామాజిక కార్యకర్త ఒకే కేసును కలిసి చూసే పద్ధతి వచ్చింది. 1920లలో అమెరికా అంతటా వెలిసిన పిల్లల మార్గదర్శక కేంద్రాలు ఆ పద్ధతినే అనుసరించాయి. కానీ ఆ ముగ్గురిలో మనస్తత్వవేత్త స్థానం చిన్నది. పరీక్షలు పెట్టి నివేదిక రాయడం అతని పని, చికిత్స మానసిక వైద్యుడిది. అందువల్ల చాలా చోట్ల ఇంటర్న్ శిక్షణ కూడా పరీక్షల దగ్గరే ఆగిపోయేది.

ఈ పరిమితిని దాటి ఇంటర్న్‌షిప్‌కు ఒక రూపం ఇచ్చినవాడు డేవిడ్ షాకో. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో 1928 నుంచి 1946 దాకా ఆయన ముఖ్య మనస్తత్వవేత్త. స్కిజోఫ్రీనియా మీద పెద్ద పరిశోధన అప్పుడు అక్కడ నడుస్తోంది. ఇంటర్న్‌లు ఆసుపత్రి ఆవరణలోనే ఉండేవారు, జీతానికి బదులు గది, భోజనం. పొద్దున వార్డులో పరీక్షలు, మధ్యాహ్నం కేసుల చర్చ, రాత్రి భోజనాల బల్ల దగ్గర మళ్ళీ అవే కేసులు. ఏడాది పాటు ఒకే ఆసుపత్రిలో ఉండడం వల్ల, చేరిన రోజు మాట్లాడని రోగి ఆరు నెలలకు ఎలా మారాడో చూసే అవకాశం విద్యార్థికి దొరికేది. ఆసుపత్రికి వచ్చి పరీక్ష పెట్టి వెళ్ళిపోయేవాడికి అది ఎప్పటికీ దొరకదు. 1938లో షాకో ఇంటర్న్‌షిప్ సంవత్సరం ఎలా ఉండాలో ఒక వ్యాసంలో వివరించాడు. పరీక్షల్లో చేయి తిరగడం దానిలో ఒక భాగం మాత్రమే. రోగి పట్ల బాధ్యత, ఇతర వృత్తులవారితో కలిసి పనిచేసే అలవాటు, చూసిన ప్రతిదాన్నీ ప్రశ్నించే శాస్త్రీయ దృష్టి కూడా రావాలని ఆయన ఉద్దేశం.

పర్యవేక్షణ అనే ప్రక్రియ మాత్రం మరో దారిలో, మనోవిశ్లేషణ దారిలో పెరిగింది. 1909లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ప్రచురించిన 'చిన్న హాన్స్' కేసులో గుర్రాలంటే భయపడే పిల్లవాడితో మాట్లాడినవాడు అతని తండ్రి. అతనికి దారి చూపినవాడు ఫ్రాయిడ్. చికిత్స ఒకరు చేస్తుంటే, మరొకరు వెనక ఉండి నడిపించడానికి ఇది తొలి ఉదాహరణ అని చాలామంది అంటారు. 1920లో మాక్స్ ఐటింగాన్ తదితరులు బెర్లిన్‌లో పేదలకూ చికిత్స అందించే మనోవిశ్లేషణ క్లినిక్ తెరిచారు. అక్కడ శిక్షణకు మూడు కాళ్ళు ఏర్పడ్డాయి: అభ్యర్థి తాను విశ్లేషణకు గురికావడం, పాఠాలు, పర్యవేక్షణలో రోగుల్ని చూడడం. తెలిసీ తెలియని చేతిలో పేద రోగిని పెట్టడం అన్యాయం కాబట్టి అనుభవజ్ఞుడు ప్రతి కేసునూ వినాలన్నది అక్కడి నియమం. వారానికి ఇన్ని గంటలు సూపర్‌వైజర్ ముందు కూర్చోవాలని ఇప్పటి కోర్సులు పెట్టే నిబంధనకు వేర్లు ఇక్కడున్నాయి.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. గదిలో జరిగింది సూపర్‌వైజర్‌కు తెలిసేది విద్యార్థి జ్ఞాపకం ద్వారానే. తాను మాట తప్పుగా అన్న చోటును, రోగి కంటతడి పెట్టినా గమనించని చోటును విద్యార్థి చెప్పడు. చాలాసార్లు అవి అతనికే గుర్తుండవు. దీనికి పరిష్కారం చూపినవాడు కార్ల్ రోజర్స్. తాను 1920ల చివర్లో న్యూయార్క్‌లోని పిల్లల మార్గదర్శక సంస్థలో ఇంటర్న్‌గా పనిచేసినవాడే. 1940లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాక, విద్యార్థులు కౌన్సెలింగ్ చేస్తుంటే ఆ సంభాషణను గ్రామఫోన్ పలకల మీద రికార్డు చేయించాడు. రెండు యంత్రాలు పెట్టి, ఒక పలక నిండేలోగా రెండోదాన్ని తిప్పుతూ ఎంతో శ్రమతో చేసిన పని అది. 1942లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక కేసులోని ఎనిమిది సమావేశాలూ మాట పోకుండా అచ్చయ్యాయి. చికిత్స గదిలో నిజంగా ఏం జరుగుతుందో బయటివారు చదవగలగడం అదే మొదలు. తాను సలహా ఇవ్వడానికి ఎంత తొందరపడ్డాడో తన గొంతులోనే విన్న విద్యార్థి నేర్చుకునేది ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. 1960లలో నార్మన్ కాగన్ ఇదే పనికి వీడియోను వాడాడు. అద్దం వెనక నిలబడి చూడడం, ట్రైనీ చెవిలోని చిన్న యంత్రం ద్వారా అప్పటికప్పుడు సూచన ఇవ్వడం కుటుంబ చికిత్సలో వాడుకలోకి వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇంటర్న్‌షిప్ కొన్ని సంస్థల ఇష్టం మీదే నడిచేది. దాన్ని నిబంధనగా మార్చింది ఆ యుద్ధమే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల్లో మానసిక సమస్యలతో ఉన్నవారి సంఖ్య చాలా పెద్దది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో సగానికి పైగా పడకలు వారివే. మానసిక వైద్యులు సరిపోలేదు. 1946లో మాజీ సైనికుల సంక్షేమ విభాగం 22 విశ్వవిద్యాలయాలతో ఒప్పందం చేసుకుని సుమారు 200 మంది ట్రైనీలకు డబ్బిచ్చి శిక్షణ మొదలుపెట్టింది. చదువుకుంటూ ఆసుపత్రిలో పనిచేస్తూ జీతం పొందే అవకాశం సైకాలజీ విద్యార్థులకు పెద్ద ఎత్తున రావడం అప్పుడే. ఇంకో మార్పు దీనికంటే లోతైనది. చికిత్స చేసేవారి కొరత వల్ల మనస్తత్వవేత్తలు పరీక్షలు దాటి చికిత్సలోకి అడుగుపెట్టారు.

మర్నాటి నుంచే ప్రశ్న వచ్చింది: ఇంతమందికి ఏం నేర్పాలి? షాకో అధ్యక్షుడిగా అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన సంఘం 1947లో నివేదిక ఇచ్చింది. నాలుగేళ్ళ డాక్టరేట్ చదువులో మూడో ఏడాది పూర్తిగా ఇంటర్న్‌షిప్ ఉండాలని, నాలుగో ఏడు విద్యార్థి విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చి పరిశోధన పూర్తి చేయాలని సూచించింది. వార్డులో పుట్టిన ప్రశ్న పరిశోధనకు అంశం కావాలన్నది ఈ క్రమంలోని ఆలోచన. ఆచరణలో మాత్రం ఇంటర్న్‌షిప్ చదువు చివరికి జరిగిపోయింది, ఆ మంచి ఉద్దేశం చాలా మేరకు పోయింది. 1949 వేసవిలో కొలరాడోలోని బౌల్డర్‌లో రెండు వారాలు జరిగిన సమావేశం షాకో నమూనాను ఆమోదించింది. మనస్తత్వవేత్త శాస్త్రవేత్తగానూ, చికిత్సకుడిగానూ ఏకకాలంలో తయారు కావాలన్నది బౌల్డర్ నిర్ణయం. 1973లో వెయిల్‌లో జరిగిన సమావేశం పరిశోధన భారం తగ్గించి చికిత్సకే ప్రాధాన్యమిచ్చే డాక్టరేట్‌కు కూడా దారి తెరిచింది. అభ్యర్థులు పెరిగి స్థానాలు చాలక, 1999 నుంచి అమెరికాలో ఇంటర్న్‌లనూ సంస్థలనూ కంప్యూటర్ ద్వారా జతపరుస్తున్నారు. తెలుగు కుటుంబాల నుంచి వెళ్ళి అక్కడ సైకాలజీలో డాక్టరేట్ చేసే పిల్లలూ ఆ దారిలోనే నడవాలి.

భారతదేశంలో సైకాలజీ వుంట్ దారిలోనే ప్రవేశించింది. హార్వర్డ్‌లో చదివొచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తొలి శాఖను ప్రారంభించాడు. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి మరో శాఖ నెలకొల్పాడు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం, అర్థం లేని అక్షరాల జంటలు కంఠస్థం చేయించడం, గీతల పొడవు విషయంలో కంటికి కలిగే భ్రమను కొలవడం వంటి ప్రయోగాలు, వాటి రికార్డు పుస్తకం ఇక్కడి చదువుకు గుర్తులు. పక్క బెంచీ స్నేహితుడే ప్రయోగానికి వస్తువు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ చదివిన తరాలకు ఈ రికార్డు పుస్తకం బాగా పరిచయం. కలకత్తాలోనే 1922లో గిరీంద్రశేఖర బోస్ భారత మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. 1940లో ఆ సంఘం లుంబినీ పార్క్ మానసిక ఆసుపత్రిని తెరిచింది. అయినా ఆసుపత్రిలో పద్ధతిగా సాగే శిక్షణ దేశంలో ఎక్కడా లేదు.

దానికి దారి వేసింది ఆరోగ్య వ్యవస్థను సమగ్రంగా పరిశీలించిన భోర్ కమిటీ. 1946 నాటి ఆ నివేదిక, మానసిక ఆరోగ్యంలో సిబ్బందిని తయారు చేయడానికి ప్రత్యేక సంస్థ కావాలని చెప్పింది. 1954 డిసెంబరులో బెంగళూరులోని మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి అనుబంధంగా అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. తొలి డైరెక్టర్ ఎం.వి. గోవిందస్వామి. మరుసటి ఏడాది, 1955లో, మనస్తత్వవేత్తలకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చే డిప్లొమా అక్కడ మొదలైంది. కాలక్రమంలో అది మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమాగా, తర్వాత ఎం.ఫిల్.గా మారింది. 1974లో సంస్థ నిమ్హాన్స్ అయింది. 1962లో రాంచీలోని కేంద్ర మానసిక ఆసుపత్రిలో ఇటువంటి డిప్లొమానే ప్రారంభమైంది. చాలా ఏళ్ళపాటు దేశానికి క్లినికల్ సైకాలజిస్టులను ఇచ్చినవి ప్రధానంగా ఈ రెండు ఊళ్ళే.

బెంగళూరు నమూనాకు అమెరికా నమూనాతో ఒక తేడా ఉంది. అమెరికాలో ఇంటర్న్‌షిప్ చదువులో ఒక ఏడాది. ఇక్కడ ఎం.ఏ. అయ్యాక రెండేళ్ళ కోర్సు మొత్తం ఆసుపత్రిలోనే. పొద్దున ఓపీ, వార్డు పోస్టింగ్, మధ్యాహ్నం తరగతి, వారానికోసారి కేస్ కాన్ఫరెన్స్. ట్రైనీ మొదట నేర్చుకునేది కేస్ హిస్టరీ రాయడం. రోగి ఏ మాటల్లో చెప్పాడో ఆ మాటల్లోనే రాయాలి, పరిభాషలోకి తర్జుమా చేయకూడదు అన్నది మొదటి పాఠం. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బస్సులెక్కి బెంగళూరు వచ్చే రోగులు నిమ్హాన్స్ ఓపీలో ఎప్పుడూ ఉంటారు. గుండె దడ, నరాల బలహీనత, మనసు మనసులో లేదు, గాలి సోకింది, ఎవరో ఏదో పెట్టారు అని వారు చెప్పే మాటల్లో ఏది నమ్మకం, ఏది లక్షణం అన్నది విడదీయాలంటే భాష తెలిసి ఉండాలి, ఊరు తెలిసి ఉండాలి.

మనఃస్థితి పరీక్షలో సామెత అర్థం అడగడం ఒక భాగం. మాటకు పైపైన ఉన్న అర్థాన్ని దాటి ఆలోచన వెళ్ళగలుగుతోందా అని తెలుసుకోవడానికి అది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటే ఏమిటని అడిగినప్పుడు, ఇంట్లో ఆట గెలవాలి అని రోగి జవాబిస్తే, అది జబ్బు వల్ల వచ్చిన జవాబా, ఆ సామెత అతని వాడుకలో లేకపోవడం వల్ల వచ్చినదా? చదువు రాని మనిషికి అక్షరాలతో చేసే పరీక్ష పెడితే వచ్చే అంకెకు విలువ ఎంత? 1955లో సి.ఎం. భాటియా మాటల ప్రమేయం తక్కువగా ఉండే బుద్ధి పరీక్షల సముదాయం రూపొందించింది ఈ ఇబ్బందిని తగ్గించడానికే. అయినా తీర్పు చెప్పవలసినది మనిషే. ట్రైనీ రాసిన అంకె పక్కన సూపర్‌వైజర్ ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి మళ్ళీ వెళ్ళి అడిగి రమ్మనడం ఈ శిక్షణలో అన్నిటికంటే విలువైన ఘట్టం. వైన్‌లాండ్‌లో కొరవడింది సరిగ్గా ఇదే.

తెలుగు నేల మీద ఆసుపత్రులు పాతవే. విశాఖపట్నంలోని మానసిక ఆసుపత్రి పందొమ్మిదో శతాబ్దం నాటిది. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న మానసిక ఆసుపత్రి 1953లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చింది. సైకాలజీ ఎం.ఏ. విద్యార్థుల్ని బస్సులో ఎర్రగడ్డకు తీసుకెళ్ళి ఒక రోజు వార్డులు చూపించి తీసుకురావడం చాలాకాలం 'క్లినికల్ అనుభవం'గా చెల్లింది. దూరం నుంచి రోగులను చూసి వచ్చే ఆ పద్ధతి విద్యార్థికి భయాన్నో జాలినో మిగిల్చేది తప్ప నేర్పింది తక్కువ. 1984లో సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ వద్ద జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడడంతో పరిస్థితి కొంత మారింది. ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.గా పిలుస్తున్న ఆ సంస్థలో పునరావాస సైకాలజీలో ఎం.ఫిల్. నడిచింది. సికింద్రాబాద్‌లోనే ఉన్న స్వీకార్ సంస్థ క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. కోర్సు నడిపింది. తెలుగు విద్యార్థి బెంగళూరు, రాంచీ వెళ్ళకుండానే శిక్షణ పొందే వీలు ఇలా కలిగింది.

చట్టం ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చింది. భారత పునరావాస మండలి చట్టం 1992లో పార్లమెంటు ఆమోదం పొంది, 1993లో అమలులోకి వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టు ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. మండలి గుర్తించిన కోర్సు చదివినవారికే ఆ అర్హత. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు వేసింది. ఎం.ఫిల్. ద్వారా క్లినికల్ సైకాలజిస్టు అయ్యేవారి రెండేళ్ళ పూర్తికాల కోర్సులో పర్యవేక్షిత క్లినికల్ శిక్షణ ఉండి తీరాలని నిర్వచనంలోనే రాసింది. వూస్టర్‌లో ఒక ఆసుపత్రి ఏర్పాటుగా ఉన్నది ఎనభై ఏళ్ళకు ఇక్కడ చట్టంలో మాటగా చేరింది.

అయితే సీట్లు చాలా తక్కువ. ఒక సూపర్‌వైజర్ ఒకేసారి కొద్దిమంది ట్రైనీలనే తీసుకోగలరు. ప్రతి కేసూ వినాలి, ప్రతి నివేదికా దిద్దాలి, సంతకం పెట్టి బాధ్యత వహించాలి. సూపర్‌వైజర్లను తయారు చేసేది కూడా ఇదే కోర్సు కాబట్టి కొరత కొరతనే పెంచుతూ వచ్చింది. 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి మానసిక రుగ్మతలు ఉన్నట్టు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఒకవైపు ఈ అవసరం, మరోవైపు ఎం.ఏ. చేసి సీటు దొరకని వేలమంది విద్యార్థులు. ఈ రెండింటి మధ్య ఖాళీలో ఫీజు కట్టించుకుని రెండు మూడు వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే 'ఇంటర్న్‌షిప్'లు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావరకు విద్యార్థి రోగిని చూసేదీ లేదు, అతని పనిని ఎవరూ చూసేదీ లేదు. కొన్ని చోట్ల అంతకన్నా ప్రమాదం: శిక్షణ లేని విద్యార్థిని ఒంటరిగా కౌన్సెలింగ్‌కు కూర్చోబెడతారు. ఆత్మహత్య ఆలోచన గురించి ఎదుటి మనిషి మాట తడబడుతూ బయటపెట్టినప్పుడు ఆ గదిలో ఏం చేయాలో తెలియని ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల ఉంటుంది. ఆ తప్పు ఆమెది కాదు, ఆమెను అక్కడ కూర్చోబెట్టినవారిది.

డిగ్రీ స్థాయిలో కూడా ఇంటర్న్‌షిప్ ఇప్పుడు నిబంధనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొత్తం పది నెలల శిక్షణ ఉంది: మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక పూర్తి సెమిస్టర్. సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న విద్యార్థులు ప్రత్యేక పాఠశాలలు, వృద్ధాశ్రమాలు, మద్యం మాన్పించే కేంద్రాలకు వెళ్తారు. ఈ వయసులో వారికి తగిన పని పరిశీలన, పిల్లలతో కాలం గడపడం, వివరాలు రాసుకోవడం. రోగనిర్ధారణ, చికిత్స వారి పని కావు. ఆ గీత ఎక్కడ ఉందో చెప్పే అధ్యాపకుడు పక్కన ఉంటే ఆ నెలలకు విలువ ఉంటుంది.

పై స్థాయిలో ఏడు దశాబ్దాల బెంగళూరు నమూనా ఇప్పుడు మారుతోంది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 నిబంధనలతో ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తివేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సులకు మాత్రం 2025–26 విద్యాసంవత్సరం దాకా మినహాయింపు ఇచ్చింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల మండలి చట్టం, పునరావాస మండలి పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి ఇతర సైకాలజిస్టులను తన కిందకు తెచ్చుకుంది. ఒకే వృత్తి రెండు మండలుల మధ్య చీలి ఉన్న ఈ దశలో, ఎం.ఫిల్. స్థానంలో వచ్చే కోర్సులో ఆసుపత్రిలో గడిపే కాలం ఎంత, ఒక్కో సూపర్‌వైజర్‌కు ట్రైనీలు ఎంతమంది, వారి కేసులకు ఎవరి సంతకం చెల్లుతుంది అన్న మూడు విషయాల మీదే రాబోయే తరం శిక్షణ నాణ్యత ఆధారపడి ఉంది.